అమ్మాయి తిట్టిందంటే ఫర్లేదన్నమాట

ఆ ఆసుపత్రిలో స్కానింగ్ గది కింది అంతస్తులో ఉండేది. లిఫ్టు దిగి కుడికి తిరిగితే పొడవాటి వరండా, వరండా పొడుగునా ఇనుప కుర్చీలు, కుర్చీల వరస చివర ఒక బరువైన తలుపు. ఆ తలుపు వెనకనుంచి ఒక ఆడమనిషి గొంతు వినపడుతూ ఉండేది. ఆ గొంతు ఎప్పుడు విన్నా ఎవరినో ఒకరిని తిడుతూనే ఉండేది.

"కదలొద్దని చెప్పానా లేదా? పెళ్ళిచూపులకి వచ్చారా, అటూ ఇటూ చూడ్డానికి?"

"చెవి దుద్దులు తియ్యమంటే ఒక్కటే తీశారేం? రెండోదానికి విడిగా చెప్పాలా?"

బయట కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకునేవారు. కొందరు అప్పటికప్పుడు దుద్దులూ, గాజులూ, పిన్నీసులూ తీసి చీర చెంగులో ముడేసుకునేవారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఏమీ పెట్టుకోని మగవాళ్ళు కూడా మెడ తడుముకునేవారు.

ఆమె ఆ గదిలో టెక్నీషియన్. ఎదురుగా అందరూ మేడమ్ అనేవారు, వెనక మాత్రం చిటపటలమ్మ అనేవారు. ఆ పేరు ఆమెకీ తెలుసు. పొట్టి మనిషి, దళసరి కళ్ళద్దాలు, ఏడాది పొడుగునా ఒంటిమీద స్వెట్టరు. యంత్రం వేడెక్కకుండా ఆ గదిని ఎప్పుడూ చల్లగా ఉంచాలి. "దానికి చలి కావాలి, నాకు వేడి కావాలి. నోరు చేసుకోకపోతే ఇక్కడ గడ్డకట్టుకుపోతాను" అని నర్సులతో అనేది. తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవంటారు. ఆమె కాలు మాత్రం ఎక్కడికీ తిరగలేదు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఆ గదీ, అద్దం ఇవతల ఉన్న చిన్న గదీ, అంతే.

అయితే ఆ తిట్లు పుట్టుకతో వచ్చినవి కావు, పనిలో నేర్చుకున్నవి. చేరిన కొత్తలో ఆమె చాలా మెత్తగా మాట్లాడేది. ఒకాయన్ని బల్లమీద పడుకోబెట్టి "కొంచెం కదలకుండా ఉంటారా అండీ" అంది. అంత మర్యాదగా అడిగితే ఆయనకూ మర్యాద చెయ్యాలనిపించింది. సరిగ్గా బొమ్మలు వచ్చే సమయానికి తలెత్తి "అలాగేనమ్మా" అన్నాడు. బొమ్మలన్నీ చెదిరిపోయాయి. మళ్ళీ తియ్యాల్సి వచ్చింది. అంటే ఆ మనిషి ఒంట్లోకి ఎక్స్‌రే కిరణాలు రెండింతలు వెళ్ళాయి. ఆ రోజంతా ఆమెకి అన్నం సయించలేదు. మెల్లగా చెప్తే జనం కదులుతారనీ, కసిరితే బిగుసుకుపోతారనీ ఆ రోజు తెలిసింది. అప్పటినుంచీ కసరడమే. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, ఆ గదిలో ఊపిరి బిగబట్టించే నోరే మంచి నోరు.

ఒక్కో స్కానుకి ఒక్కో తిట్టు. బండిమీంచి పడి తలకి కట్టుతో వచ్చేవాళ్ళకి మందు ఎక్కించే పని లేదు, చిటికెలో అయిపోతుంది. "లోపల ఏమైనా ఉందేమో చూస్తున్నాం. ఏమీ లేదని మీ ఆవిడ బయట అందరికీ చెప్తోంది" అనేది. మూత్రపిండాల్లో రాయి ఉందని వచ్చేవాళ్ళు నొప్పితో మెలికలు తిరిగిపోతూ ఉంటారు. వాళ్ళనీ మందు లేకుండానే తీస్తారు. "రాయి మీలో ఉందిగా, మరి రాయిలా ఉండడానికేం?" అని గదమాయించేది.

కడుపు స్కానుకి, బొమ్మ స్పష్టంగా రావాలని, నరంలోకి మందు ఎక్కిస్తారు. అది లోపలికి వెళ్ళగానే గొంతులోంచి కింది దాకా వెచ్చగా పాకుతుంది. బట్టలు తడిసిపోయినట్టే అనిపిస్తుంది. కోరమీసాల పెద్దమనిషి ఒకడు సిగ్గుతో మధ్యలో లేచి కూర్చున్నాడు. అప్పటినుంచీ ఆమె ముందే అరిచి చెప్పేది: "తడిసినట్టు అనిపిస్తుంది. తడవలేదు. లేచి చూసుకున్నారంటే మాత్రం ఊరుకోను." కాలేయానికైతే ఒకే చోట మూడుసార్లు బొమ్మలు తియ్యాలి. మందు వస్తున్నప్పుడొకసారి, ఊరినప్పుడొకసారి, పోతున్నప్పుడొకసారి. మూడుసార్లెందుకని ఎవరైనా అడిగితే "చుట్టాలు వచ్చేటప్పటి మొహం వేరు, ఉన్నప్పటి మొహం వేరు, పోయేటప్పటి మొహం వేరు కదా? మూడూ చూస్తే గానీ మనిషి తెలీదు" అనేది.

ఊపిరితిత్తుల స్కానులో సన్నటి పొరలు పొరలుగా తీస్తారు. ఒకసారి వెల్లకిలా, అవసరమైతే ఇంకోసారి బోర్లా, ఊపిరి నిండా తీసుకుని ఒకసారి, పూర్తిగా వదిలి ఒకసారి. యంత్రంలోనే రికార్డు చేసిన గొంతొకటి ఉంది, ఊపిరి తీసుకోమనీ వదలమనీ చెప్పడానికి. దాని మాట ఎవరు వింటారు? ఆమె దాన్ని ఆపేసి మైకులో తనే అరిచేది. "తీసుకోండి. బిగపట్టండి. బిగపట్టమంటే పళ్ళు కాదు, ఊపిరి! వదలండి."

గుండె రక్తనాళాల స్కానుకి మాత్రం తిట్లు పనికిరావు. నాడి నెమ్మదిగా కొట్టుకుంటే గానీ బొమ్మ నిలవదు. దానికి ముందు మాత్ర వేసి, పక్కన కూర్చుని, పిల్లలెంతమంది, ఏం చదువుతున్నారు అని మెత్తగా మాట్లాడించేది. ఆ గొంతు విని నర్సులు లోపల ఇంకెవరో ఉన్నారనుకునేవారు. "గుండె జబ్బు తెచ్చుకుంటే గానీ నీ నోట మంచిమాట రాదన్నమాట" అని బాబాయి ఏడిపించేవాడు.

బాబాయి అంటే ఆమెకి సొంత బాబాయే, నాన్న తమ్ముడు. అదే ఆసుపత్రిలో స్ట్రెచర్ తోసేవాడు. ఆమె నాలుగో తరగతిలో ఉండగా నాన్న పోతే, అమ్మనీ ఆమెనీ తన రెండు గదుల ఇంటికి తీసుకొచ్చుకున్నాడు. బాబాయికీ పిన్నికీ పిల్లలు లేరు. పొద్దున్నే ఆమెని స్టూలుమీద నిలబెట్టి గౌను వెనక గుండీలు పెట్టేది కూడా ఆయనే. అమ్మ వేళ్ళూ పిన్ని వేళ్ళూ అమ్మకానికి పట్టే పచ్చళ్ళ కారంతో మండుతుంటాయని ఆయన వాదన. పదో తరగతి కాగానే "ఎక్స్‌రే కోర్సు ఉందట, మా ఆసుపత్రిలో సూపరింటెండెంటు చెప్పాడు" అని అప్లికేషను తెచ్చిందీ ఆయనే. "నేను చచ్చేదాకా రోగుల్ని బయటినుంచి చూస్తూ తోస్తాను. నువ్వు లోపల్నుంచి చూద్దువుగాని" అన్నాడు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టేవాళ్ళుంటారు. "మా అమ్మాయి ఆవలించకుండానే లెక్కపెడుతుంది" అని వార్డులన్నీ చెప్పుకుని మురిసిపోయేవాడు.

ఆయన స్ట్రెచర్ ఒకటుండేది, ఇంకెవరూ ముట్టని బండి. దాని ముందు చక్రం ఒకటి వంకర. తిన్నగా తోస్తే ఎడమ గోడకి పోయి గుద్దుకునేది. కొత్త బండి ఇస్తామన్నా ఆయన ఒప్పుకోలేదు. "దాని వంకర నాకు తెలుసు, నా వంకర దానికి తెలుసు" అనేవాడు.

ఆమెకి తెలియకుండానే వాళ్ళిద్దరి మధ్యా ఒక వ్యవహారం చాలా ఏళ్ళు నడిచింది. అది ఒక టీచరమ్మ వల్ల బయటపడింది.

ఆ టీచరమ్మ కడుపు స్కానుకి వచ్చింది. బక్కపలచని మనిషి, నుదుటిమీద చెమట. మొదట అందరికీ పడ్డట్టే ఆమెకీ తిట్లు పడ్డాయి. అద్దం వెనక బొమ్మలు ఒక్కొక్కటే వచ్చాయి. అవి చూసి చిటపటలమ్మ మాట్లాడకుండా లేచి లోపలికి వెళ్ళింది. చేతికున్న సూది తీసి, దూదితో అదిమి, చెప్పులు కాళ్ళ దగ్గరికి జరిపి, జబ్బ పట్టుకుని దింపింది.

టీచరమ్మ చెప్పులేసుకోలేదు. అలాగే నిలబడి "మేడమ్, మీరు నన్ను తిట్టలేదు" అంది.

"తిట్టడమేమిటమ్మా?"

"లిఫ్టులో ఆ పెద్దాయన చెప్పాడు. లోపల మా అమ్మాయి ఉంటుంది, స్కాను అయ్యాక తిట్టిందంటే ఫర్లేదన్నమాట, ధైర్యంగా ఉండండి అని. మీరు తిట్టలేదు." అని, బల్ల అంచు పట్టుకుని ఏడ్చింది.

చిటపటలమ్మ ఆమెని జబ్బ పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. బొమ్మలు చదివి చెప్పే డాక్టరు వేరే ఉన్నాడు. రోగితో చెప్పాల్సింది వాళ్ళ డాక్టరు. టెక్నీషియను పెదవి విప్పకూడదు, పెదవి దాటితే పృథివి దాటుతుంది. ఇన్నేళ్ళుగా తన పెదవి ఒక్కసారీ దాటలేదని ఆమె గర్వంగా ఉండేది. ఇప్పుడు చూస్తే మౌనమే అన్నీ చెప్పేస్తోంది.

ఆ సాయంత్రం వరండాలో బాబాయిని పట్టుకుంది. "ఎవరు చెప్పమన్నారు నిన్ను?"

ఆయన బండిని గోడవారకి నిలబెట్టాడు. "నీ నోటికి దడిసి జనం బావురుమంటుంటే చూడలేక చెప్పేవాణ్ణి తల్లీ. తిట్టిందంటే ఫర్లేదన్నమాట అంటే వాళ్ళకి నీ తిట్లు కూడా తియ్యగా ఉంటాయని. ఊరికే అన్న మాట."

"మరి?"

"తర్వాత చూస్తే నిజమే అయ్యి కూర్చుంది. బాగున్నవాళ్ళని నువ్వు లేవండి లేవండి అని తరిమేస్తావు. బాగోలేనివాళ్ళకి చెప్పులు అందిస్తావు. నీకే తెలీదు. నాకు తెలిశాక మానేద్దామనే అనుకున్నా. అలవాటుపడ్డ నోరు, లిఫ్టు తలుపు మూసుకోగానే దానంతటదే వచ్చేస్తుంది."

ఆయన్ని ఆమె తిట్టలేకపోయింది. కానీ ఆ రోజునుంచి ఒక కట్టుబాటు పెట్టుకుంది. స్కాను అయ్యాక ఎవరికైనా సరే, బొమ్మల్లో ఏమున్నా సరే, ఒకే మాట, ఒకే గొంతు: "లేవండి, లేవండి. ఇది పడుకునే చోటు కాదు. బయట జనం ఉన్నారు." ఇంటిదగ్గర అద్దం ముందు నిలబడి ఆ మాటని సాధన చేసింది. ఆమె భర్త ప్రెస్సులో మిషన్ మనిషి. ఆ రొదలో చెవులు సగం పోయినవాడు, అందుకే ఈ కాపురం నిలబడిందని చుట్టాలు నవ్వుకునేవారు. ఆయనకీ ఆ మాట వినపడి, మంచం మీంచి దిగ్గున లేచి "ఏమైంది, ఎవరొచ్చారు?" అన్నాడు. మాట పనిచేస్తుందని ఆమెకి నమ్మకం కుదిరింది.

పనిచేసింది కూడా. ఎందరినో అదే మాటతో లేపి పంపింది. వాళ్ళు బయటికి వెళ్ళాక అద్దం వెనక కూర్చుని కళ్ళజోడు తుడుచుకునేది. వాళ్ళలో ఎవరికోసం తుడుచుకుందో ఎవరికీ తెలియదు.

తర్వాత బాబాయికి దగ్గు పట్టుకుంది.

మొదట చల్లగాలి అన్నాడు. తర్వాత దుమ్మన్నాడు. బండి తోస్తూ మధ్యలో ఆగి, తాళంచెవి కోసం వెతుక్కుంటున్నట్టు జేబులు తడిమేవాడు, ఆయాసం తీర్చుకోవడానికి. జేబులో ఏ తాళంచెవీ లేదు. అది కనిపెట్టి ఆమే ఛాతీ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. ఆయన ఎక్స్‌రే చూసి, మందు ఎక్కించి స్కాను తియ్యమన్నాడు.

స్కాను రోజున పిన్ని వరండాలో ఆమె చెయ్యి పట్టుకుంది. పిన్ని చేతులు ఎప్పుడూ గరుకుగా ఉండేవి, ఆ రోజు చల్లగా కూడా ఉన్నాయి.

"అమ్మాయ్, ఏదైనా సరే, మీ బాబాయికి తెలియనివ్వకు. పైకి ఆ నవ్వులే గానీ లోపల ఎంత పిరికివాడో నాకు తెలుసు. తెలిసిన రోజే సగం చచ్చిపోతాడు. ఉన్నన్నాళ్ళు మనిషిలా ఉండనీ."

"అలాగే పిన్నీ" అంది. అలాగే అనడం ఎంత తేలిక!

బాబాయి తన బండి తనే తోసుకుంటూ వచ్చాడు. దాన్ని తలుపు పక్కన నిలబెట్టి, చొక్కా విప్పి, ఆసుపత్రి గౌను వేసుకుని బల్లెక్కాడు. ఆ బల్లమీదికి ఎన్ని వేలమందిని ఎత్తి పడుకోబెట్టాడో గానీ, తను పడుకోవడం అదే మొదలు. పైకప్పు చూసి "ఇక్కడింత మరకుందే! ఇన్నేళ్ళనుంచీ ఒక్కడూ చెప్పలేదు" అన్నాడు.

ఆమె చేతికి సూది గుచ్చుతోంది. ఆయన గొంతు తగ్గించాడు.

"ఒక్క మాట తల్లీ. నువ్వు నోటితో చెప్పకూడదని నాకు తెలుసు. చెప్పొద్దు. బాగోలేదనుకో, అప్పుడు తిట్టకు, అంతే. పాత లెక్క. నేనర్థం చేసుకుంటాను. మీ పిన్ని నాకు చెప్పదు, డాక్టర్ని కూడా చెప్పనివ్వదు. మనిషన్నాక తన సంగతి తను తెలుసుకోవద్దూ?"

"కదలకుండా పడుకో" అంది ఆమె. అంతకంటే ఏం అనగలదు? బయట పిన్ని, లోపల బాబాయి. ఒకరికి మాటిచ్చింది. ఒకరు మాట అడుగుతున్నారు. ఇద్దరూ అన్నం పెట్టినవాళ్ళే.

అద్దం ఇవతలికి వచ్చి కూర్చుంది. ముందు ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా తియ్యాలో చూసుకోవడానికి ఒక పలచటి బొమ్మ వస్తుంది, నిలువెత్తు నీడలాంటిది. అది చాలు ఆమెకి. కుడివైపు కిందిభాగంలో, నల్లగా ఉండాల్సిన చోట తెల్లగా ఉంది. అయినా వేళ్ళు వాటి పని అవి చేసుకుపోయాయి. మందు వెళ్ళింది. మైకు నొక్కి "ఊపిరి తీసుకో బాబాయ్. బిగపట్టు" అంది. మధ్యలో ఆయనకి దగ్గు తెర వచ్చింది. ఇంకోసారి తియ్యాల్సి వచ్చింది. "తీసుకో. బిగపట్టు. ఇంకొంచెం. వదులు."

పొరలు పొరలుగా వచ్చాయి. గడ్డ, దాని చుట్టూ నీరు, ఎడమవైపు కూడా చిన్న చిన్న చుక్కలు. ఇలాంటివి ఆమె ఎన్ని చూడలేదు! ప్రతిదానికీ వెనక ఎవరిదో ఒకరి బాబాయి ఉంటాడని అంతవరకూ తట్టలేదు. తట్టి ఉంటే ఈ ఉద్యోగం చెయ్యగలిగేది కాదు.

లేచింది. ఆ చిన్న గదికీ పెద్ద గదికీ మధ్య ఒక తలుపే. దానిమీద చెయ్యివేసి కొంచెంసేపు నిలబడింది. బాబాయి అడిగింది న్యాయమే. ఆయన ఒళ్ళు, ఆయన సంగతి. కానీ తిట్టకుండా ఎదురుగా వెళ్ళి నిలబడ్డం ఎలా? ఆ మొహంలో నవ్వు ఆరిపోవడం తన కళ్ళతో చూడ్డం ఎలా? పిన్నికిచ్చిన మాట కోసమని ఆమె తర్వాత చాలాసార్లు తనకి తను చెప్పుకుంది. నిజం చెప్పాలంటే, తనకి ధైర్యం చాలలేదు.

తలుపు తోసుకుని వెళ్ళింది. "లే బాబాయ్, లే. ఇది పడుకునే చోటు కాదు. బయట జనం ఉన్నారు."

గొంతు చెక్కుచెదరలేదు. అద్దం ముందు నేర్చుకున్న గొంతు. బాబాయి ఆమె మొహంలోకి కాసేపు చూశాడు. తర్వాత "హమ్మయ్య" అని నవ్వి లేచి కూర్చున్నాడు. ఆమె ఆయన చొక్కా తెచ్చి తొడిగింది. బండి ఆయనే తోసుకుంటూ వెళ్ళాడు. వరండాలోంచి ఆయన గొంతు వినపడింది. "తిట్టిందే! అమ్మాయి తిట్టింది. ఇంకేం ఫర్లేదు."

ఆ తర్వాతి రోజులు ఆమెకి నరకం. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందనీ, సూదులు వేస్తే తగ్గుతుందనీ అందరూ ఒకే పాట పాడారు. బాబాయి ఆ సూదులు వేయించుకుని, రాలిపోయిన జుట్టుమీద చెయ్యి వేసుకుని "దువ్వెన ఖర్చు తప్పింది" అనేవాడు. కాస్త ఓపిక రాగానే ఆసుపత్రికి వచ్చి, వరండాలో కూర్చుని, నర్సులకీ, తోటలో మాలికీ, క్యాంటీనువాడికీ అదే చెప్పేవాడు: "అమ్మాయి తిట్టింది, నాకేం కాదు." ఆ మాట తలుపు సందులోంచి వినపడినప్పుడల్లా ఆమెకి చేతిలో ఉన్న పని జారిపోయేది. ఆ నోటితో ఎన్ని తిట్లు తిట్టినా అంతకుముందు ఒక్క అబద్ధం ఆడలేదు. ఆడిన ఒక్క అబద్ధమూ తిట్టులాగే వచ్చింది. దాన్ని ఆ మనిషి పతకంలా మెడలో వేసుకుని తిరుగుతున్నాడు. ఆయన ఎదురుపడితే ఏదో పనున్నట్టు పక్కకి తప్పుకునేది. చెప్పేద్దామని రెండు మూడుసార్లు ఇంటికి వెళ్ళి, పిన్ని మొహం చూసి, కూర్చుని లేచి వచ్చేసింది.

చివరికి ఒక రోజు ఆయాసం ఎక్కువై వార్డులో చేర్చారు. ఊపిరితిత్తుల రక్తనాళంలో నెత్తురు గడ్డ ఏదైనా అడ్డుపడిందేమో చూడమని డాక్టరు స్కాను రాశాడు. తోటి టెక్నీషియను "మీరు బయట కూర్చోండి మేడమ్, నేను చేస్తాను" అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ఆ స్కాను చాలా లాఘవంగా చెయ్యాలి. మందు సరిగ్గా ఆ నాళంలోకి చేరిన క్షణంలోనే పట్టుకోవాలి. ముందు తీస్తే ఇంకా రాదు, తర్వాత తీస్తే దాటిపోతుంది. ఆ పని ఆమె చేసినట్టు ఇంకెవరూ చెయ్యలేరు.

కొత్తగా చేరిన మనిషి ఒకడు బాబాయిని ఆయన బండిమీదే తీసుకొచ్చాడు. ఎడమ గోడకి రెండుసార్లు గుద్దించాడు. పిన్ని వెనకే వచ్చి, తలుపు బయట ఇనుప కుర్చీలో కూర్చుంది.

నెత్తురు గడ్డేమీ అడ్డుపడలేదు. నాళం మందుతో నిండి తెల్లగా, శుభ్రంగా ఉంది. దాని చుట్టూ ఉన్నది ఆ పాత జబ్బే. ఇప్పుడు రెండువైపులా నిండిపోయింది. ఆమె చూసింది, కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది, లోపలికి వెళ్ళింది. కొత్తమనిషిని కాసేపు బయట ఉండమంది.

బల్ల పక్కన నిలబడి ఆయన చెయ్యి పట్టుకుంది. అద్దం ముందు నేర్చుకున్న మాట నాలుకమీదికి రాలేదు. కళ్ళనీళ్ళు మాత్రం వచ్చాయి. ఆక్సిజన్ గొట్టం కిందనుంచి బాబాయి మెల్లగా అన్నాడు:

"ఏం, తిట్టవా?"

"బాబాయ్, ఆ రోజు నేను..."

"తెలుసులే."

"ఏం తెలుసు?"

"ఆ రోజే తెలుసు. తిట్టడం బాగానే తిట్టావు. తిట్టి, నాకు చొక్కా గుండీలు పెట్టావు." ఊపిరి కోసం ఆగాడు. "పైనుంచి కింది దాకా, ఒక్కటి తప్పకుండా. చిన్నప్పుడు నీకు గుండీలు నేను పెట్టేవాణ్ణి. నువ్వు నాకు పెట్టడం అదే మొదటిసారి."

ఆమెకి గుర్తే లేదు. చొక్కా తొడిగినట్టు గుర్తుంది గానీ, గుండీలు పెట్టింది తన చేతులేనని తెలియలేదు. నోటికి కట్టుబాటు పెట్టింది గానీ, చేతులకి పెట్టడం మరిచిపోయింది.

"మరి ఊరంతా ఎందుకు చెప్పుకున్నావు, తిట్టింది, ఫర్లేదు అని?"

"మీ పిన్ని వినాలని. నాకు తెలిసిందని తెలిస్తే అది సగం చచ్చిపోతుంది, పిరికిది." నవ్వబోతే దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక అన్నాడు: "పైగా నువ్వంత కష్టపడి తిట్టావు. ఊరికే పోనిస్తానా?"

ఆమె బల్లమీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన వేళ్ళు ఆమె జుట్టులో కదిలాయి, సూది ఉన్న చెయ్యి, దానికి అంటించిన ప్లాస్టరు జుట్టుకి తగులుకుంటూ.

"సరే, ఏడ్చింది చాలు. ఇప్పుడు తిట్టు. అది తలుపు అవతలే కూర్చుంది. చెవులు ఇటే పెట్టుకుని ఉంటుంది. గట్టిగా తిట్టు."

"నావల్ల కాదు బాబాయ్."

"అవుతుంది. ఊపిరి తీసుకో. బిగపట్టు." అచ్చం ఆమె మైకులో చెప్పినట్టే చెప్పాడు. "వదులు."

ఆమె లేచి నిలబడింది. స్వెట్టరు చేత్తో మొహం తుడుచుకుంది. తర్వాత బయట వరండా చివరికి వినపడేలా అరిచింది: "లే బాబాయ్, లే! ఇది పడుకునే చోటు కాదు. బయట జనం ఉన్నారు!"

ఆ మాట వినగానే బాబాయి, అందరు రోగుల్లాగే, మోచెయ్యి ఆనించి నిజంగా లేవబోయాడు. వీపు బల్లమీంచి కొంచెం లేచింది. మళ్ళీ వాలిపోయింది. "ఇవాళ్టికి మన్నించెయ్యి తల్లీ" అన్నాడు.

కొత్తమనిషిని పిలిచి, ఇద్దరూ దుప్పటితో పాటు ఆయన్ని ఎత్తి బండిమీదికి చేర్చారు. మనిషి ఎంత తేలికైపోయాడో అప్పుడు తెలిసింది. "నువ్వు వెళ్ళు, నేను తీసుకెళ్తాను" అని ఆమె కొత్తమనిషిని పంపేసి బండి పట్టుకుంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో స్ట్రెచర్ తొయ్యడం ఆమెకి అదే మొదలు. పిన్ని కొంగుతో మూతి ఒత్తుకుంటూ పక్కన నడిచింది.

లిఫ్టు తలుపు మూసుకుంది. బాబాయి అలవాటు ప్రకారం నోరు విప్పాడు.

"విన్నావుటే? అమ్మాయి తిట్టింది. ఫర్లేదన్నమాట."

ఇక ఎక్కువ రోజులు లేవని పిన్నికి డాక్టరు పొద్దున్నే చెప్పేశాడు. ఆవిడ దుప్పటి అంచు సరిచేసింది. ఆయన మొహం వైపు చూడలేదు.

"ఆ, విన్నాను. ఆ నోరు విననివాళ్ళెవరు?" అంది.

ముగ్గురూ నవ్వారు. ముగ్గురికీ అన్నీ తెలుసు. ఆ చిన్న లిఫ్టులో ఎవరి నిజం వాళ్ళు ఊపిరిలా బిగబట్టుకుని నిలబడ్డారు.

వార్డు అంతస్తులో తలుపు తెరుచుకుంది. ఆమె బండిని బయటికి తోసింది. కళ్ళకి ఏమీ సరిగ్గా ఆనడం లేదు. ముందు చక్రం ఎడమ గోడవైపు లాక్కుపోయింది.

"కుడిచెయ్యి నొక్కిపట్టు తల్లీ" అన్నాడు బాబాయి, కళ్ళు మూసుకునే. "దీనికి ఎడమకి లాగే బుద్ధుంది."

ఆమె కుడిచెయ్యి నొక్కిపట్టింది. బండి తిన్నగా వెళ్ళింది.